మిగులు స్వీకరణాధికారి

మా ఆవిడ పద్నాలుగు కిలోలు తగ్గింది. ఈ సంగతి నేను భర్తగా చెప్పడం లేదు, మహిళా బరువు పరిరక్షణ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా చెబుతున్నాను. భర్తగా నాకు మూడో నెలకు గానీ తెలియలేదు. శాఖ దగ్గర మాత్రం మొదటి వారం నుంచే కాగితం ఉంది.

మా ఆవిడ పేరు మంగతాయారు. కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ జిల్లా జట్టులో ఆడింది. పెళ్ళయ్యాక బ్యాటు అటకెక్కింది, బరువు ఎనభై రెండుకెక్కింది, కుడి మోకాలు ఆసుపత్రి మెట్లెక్కింది. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రేని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "డెబ్బై లోపుంటే ఈ మోకాలు మీదమ్మా. దాటితే నాది" అన్నారు. ఆయనకి ఇవ్వడం ఇష్టం లేక మంగతాయారు మా శాఖవారి బరువు తగ్గింపు పథకం మొదటి దశలో పేరు రాయించుకుంది. రోజూ హైస్కూలు గ్రౌండు చుట్టూ నడిచి నడిచి పది నెలల్లో అరవై ఎనిమిదికి వచ్చింది. బ్యాటు అటక దిగింది. నలభై దాటిన ఆడవాళ్ళు ఐదుగురు కలిసి జట్టు కట్టారు. ఫిబ్రవరిలో జిల్లా పోటీలు. ఆ పసుప్పచ్చ ఉన్ని బంతిని చేతిలో తిప్పుకుంటూ ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే చూడ్డానికి నాకు చాలా బాగుండేది. ఇది మాత్రం భర్తగానే చెబుతున్నాను.

మా శాఖకి అసలు కష్టం అక్కడే మొదలైంది. మొదటి దశలో మా కాలవపాడు పట్టణంలో రెండు వందల ఆరుగురు ఆడవాళ్ళు బరువు తగ్గారు. అందరికీ ప్రశంసాపత్రాలిచ్చి, ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీయించాం. ఏడాది తిరిగాక అదే మందిని అవే మెట్ల మీద మళ్ళీ నిలబెడితే, అందరూ పట్టడానికి ఫోటోగ్రాఫరు రోడ్డు దాటి అవతలి మందుల షాపులోంచి తీయాల్సి వచ్చింది.

మా సంచాలకులు పాలంకి విశ్వంభరంగారు ఆ రెండు ఫోటోలనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన మామూలు మాటలు వాడరు. ఆడవాళ్ళు మళ్ళీ లావయ్యారని అనకుండా, "తగ్గుదల యందు తిరోగమనం సంభవించినది" అన్నారు. కారణం కనుక్కోవడానికి ఒక అధ్యయన ఉపసంఘం వేసి, దానికి తనే అధ్యక్షులయ్యారు. ఇంకా లావెక్కని కొద్దిమందిలో మా ఆవిడ ఒకతె గనక, ప్రమాదం ఎటునుంచి వస్తుందో కనిపెట్టడానికి ఉపసంఘం ఒక ఉదయం టిఫిను వేళకి మా ఇంటికి వచ్చి, వంటింటి గుమ్మం బయట మూడు కుర్చీలు వేసుకుని కూర్చుంది.

ఆ రోజు మా ఇంట్లో పదహారు ఇడ్లీలు వేశారు. నాకు నాలుగు పెట్టారు. నేను మూడున్నర తిని, చట్నీ అయిపోయిందని సగం వదిలేశాను. అది నాకు ఇరవై రెండేళ్ళ అలవాటు. మా అమ్మాయి పూర్ణిమ కాలేజీ బస్సు హారను విని ఒకటిన్నర వదిలేసింది. మా వాడు రవికిరణ్ ఎందుకు వదిలేశాడో వాడికీ తెలియదు. అందరం లేచాక మంగతాయారు కంచాలు తీస్తూ, ఆ సగమూ ఈ ఒకటిన్నరా, గిన్నె అడుగున ఆరిపోయిన నాలుగూ, "పారేయడమెందుకు" అనుకుంటూ నోట్లో వేసుకుంది. తను తినాల్సినవి రెండే. అవి కూడా ఆ తర్వాత తింది.

నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాను గానీ, ఉపసంఘంవారు ఇదంతా చూసి గబగబా రాసుకున్నారు. ఇల్లిల్లూ తిరిగినా ఇదే కనిపించింది. ఉగ్గిన్నెలో పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, మర్నాటికి పనికిరాని సాంబారు, చుట్టాలు వద్దన్న ఆఖరి గారె, అన్నిటికీ చివరి మజిలీ ఒకటే. ఆడవాళ్ళు తినడం వల్ల కాదు, ఇంట్లో తిండి మిగలడం వల్ల లావెక్కుతున్నారని ఉపసంఘం తేల్చింది.

మంగతాయారు వాళ్ళకి కాఫీలిస్తూ, "అందరం ఒకేసారి కూర్చుంటే మిగలదు కదండీ. ఎంత వండాలో కూడా తెలిసొస్తుంది" అంది.

విశ్వంభరంగారు నవ్వి, "అది కుటుంబ వ్యవహారమమ్మా. ప్రభుత్వం ఇంటి లోపలి విషయాలలో జోక్యము చేసుకొనరాదు" అన్నారు.

నెల తిరక్కుండా ఇంటి లోపలికి అధికారిని పంపుతూ ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే, కాబట్టి నాకు కంఠతా వచ్చు. "బరువు తగ్గిన మహిళల గృహములందు ప్రతి పూట భోజనానంతరము మిగిలిన ఆహార పదార్థములను సదరు మహిళ నోట పడకమునుపే స్వీకరించు నిమిత్తము ప్రతి పన్నెండు గృహములకు ఒక మిగులు స్వీకరణాధికారిని నియమించడమైనది. సదరు అధికారి మిగులును అక్కడికక్కడే భుజించవలెను. మూటగట్టి తీసుకొనిపోవుట శిక్షార్హము."

మా వీధికి లింగమూర్తి వచ్చాడు. ఎలుకల నిర్మూలన విభాగం మూతపడ్డాక ఎక్కడా ఖాళీ లేక నాలుగేళ్ళుగా బెంచీ మీద కూర్చున్న మనిషి. యాభై దగ్గర వయసు, నలభై ఎనిమిది కిలోలు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో స్టీలు కంచం, చేతిలో రిజిస్టరు. ప్రతి పూటా తిన్నాక అందులో "ఇల్లాలి నోట మిగులు పడలేదని ధ్రువీకరించడమైనది" అని రాసి మా చేత సంతకం పెట్టించుకోవాలి.

మొదటి వారంలోనే ఎంగిలి గొడవ వచ్చింది. గిన్నెలో మిగిలింది తింటాం గానీ ఊళ్ళోవాళ్ళ కంచాల్లో మిగిలింది తినమని అధికారుల సంఘం మెమొరాండం ఇచ్చింది. అందులో తప్పేమీ లేదు. విశ్వంభరంగారు రెండ్రోజులు ఆలోచించి, గిన్నె మిగులు అధికారికనీ, కంచం మిగులు విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉందనీ, నిర్ణయం వెలువడే వరకు యథాస్థితి కొనసాగవలెననీ వివరణ ఇచ్చారు. యథాస్థితి అంటే మా ఆవిడే. నా సగం ఇడ్లీ ఎప్పట్లాగే ఆవిడ నోటికే చేరింది.

కానీ పథకం దెబ్బతిన్నది ఎంగిలి దగ్గర కాదు, మర్యాద దగ్గర. మొదటిరోజు లింగమూర్తి వచ్చి గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడేసరికి మంగతాయారు ప్రాణం ఒప్పుకోలేదు.

"ఇంటికొచ్చిన మనిషికి మిగిలిందెలా పెడతామండీ?" అని నన్ను లోపలికి పిలిచి అడిగింది. ప్రభుత్వ ఉత్తర్వు అన్నాను. "ప్రభుత్వం ఇంట్లో ఆడవాళ్ళు లేరాండీ?" అని పెనం పొయ్యి మీద పెట్టింది.

వేడివేడిగా రెండు పెసరట్లు, అల్లం పచ్చడితో. లింగమూర్తి కంగారుపడిపోయాడు. "నాకు మిగిలిందే పెట్టాలండి. కొత్తది తింటే నా మీద యాక్షన్ తీసుకుంటారండి" అన్నాడు.

"ముందు తినండి. తిన్నాక మిగిలిందని రాసుకోండి" అంది మా ఆవిడ.

నాలుగేళ్ళుగా బయట ఆ మనిషికి ఎవరూ వేడిది పెట్టలేదు. కళ్ళు తుడుచుకుని తిన్నాడు. మా ఇంట్లో పెసరట్టు పెట్టారని తెలిసి పక్కింటివాళ్ళు మర్నాడు ఉప్మా చేసి జీడిపప్పు వేశారు. ఆ పక్కవాళ్ళు ఊరుకుంటారా, గారెలు వండారు. నెల తిరిగేసరికి మా వీధిలో పన్నెండిళ్ళలోనూ మూడు పూటలా లింగమూర్తి కోసం విడిగా వంట. పన్నెండిళ్ళ తిండి ఒక మనిషి ఎంతని తింటాడు? తిన్నంత తిని, చేతులు జోడించి, "ఇంక నా వల్ల కాదమ్మా" అని లేచిపోయేవాడు. ఆయన కోసం చేసినవాటిలో మిగిలింది పారేయడమెందుకని ఆడవాళ్ళు నోట్లో వేసుకునేవారు.

అరవై ఎనిమిదిన్నర. అరవై తొమ్మిది. అరవై తొమ్మిదీ ముప్పావు. మా ఆఫీసు యంత్రం మీద ప్రతి శుక్రవారం మా ఆవిడ అంకె నేనే చదివేవాణ్ణి, నేనే రాసేవాణ్ణి. యంత్రం దిగుతూ ఆవిడ నా వైపు చూసేది. నేను తర్వాతి పేరు పిలిచేవాణ్ణి.

మూడో నెలలో సమీక్షా సమావేశం పెట్టారు. విశ్వంభరంగారు లేచి, మిగులు స్వీకరణ యందు మూడు వందల పన్నెండు శాతం వృద్ధి సాధించామని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆడవాళ్ళ బరువు సగటున రెండు కిలోలు పెరిగిందని నేను కాగితం చూసి చదివాను. అది ఈనాటి అజెండాలో లేదన్నారు. మిగులు స్వీకరణాధికారులు మాత్రం అజెండాలో ఉన్నారు. లింగమూర్తి డెబ్బై ఒకటి దాటాడు. చేతుల కుర్చీలో కూర్చున్నవాడు సమావేశం అయ్యాక కుర్చీతో సహా లేచాడు.

ఆ పూట లింగమూర్తి ఇంకో సంగతి కూడా విన్నవించుకున్నాడు. పన్నెండిళ్ళు తిరిగి ఇంటికి వెళ్ళాక తను ముద్ద ముట్టడం లేదనీ, తన వాటా అన్నం వాళ్ళావిడ పారేయలేక తింటోందనీ, ఇప్పుడు ఆవిడకీ మోకాళ్ళ నొప్పులొచ్చాయనీ చెప్పాడు. విశ్వంభరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మిగులు స్వీకరణాధికారుల గృహములందలి మిగులును స్వీకరించుటకు అదనపు మిగులు స్వీకరణాధికారులను నియమించవలెను" అన్నారు. ఆ అదనపువాళ్ళ ఇళ్ళల్లో మిగిలేదాని సంగతి ఏమిటని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. దానికి వేరే ఫైలు తెరవమన్నారు. ఆ లెక్కన జిల్లాలో ఆఖరి మగవాడి దాకా వెళితే గానీ ఫైలు మూతపడదు.

వృద్ధి తగ్గకుండా ఉండడానికి మరో నిబంధన కూడా పెట్టారు. ఇకమీదట ప్రతి గృహములోను పూటకు నాలుగు వందల గ్రాములకు తగ్గకుండా మిగులు చూపవలెను. చూపని గృహస్థుకి నోటీసు. మిగులును తగ్గించడానికి పుట్టిన శాఖ ఇప్పుడు మిగల్చమని ఊరి మీద పడింది. చెబితే నమ్మరు గానీ, ఆ ఉత్తర్వు టైపు చేస్తున్నప్పుడు నాకు ఎక్కడా తేడా అనిపించలేదు. అక్షర దోషాలు లేకుండా వచ్చిందని సంతోషించాను కూడా.

జనవరి ఆఖరి శుక్రవారం యంత్రం డెబ్బై మీద నాలుగు వందల గ్రాములు చూపించింది. శనివారం మంగతాయారు గ్రౌండులో బంతి కోసం వంగి, లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. జట్టులో వాళ్ళు రిక్షాలో తీసుకొచ్చారు. మోకాలు బొప్పాయికాయలా వాచింది. పోటీలు నాలుగు వారాలున్నాయి. మూడు వారాల్లో డెబ్బై లోపుకొచ్చి వాపు తీస్తే ఆడనిస్తాననీ, లేకపోతే మోకాలికి కత్తి తప్పదనీ డాక్టరుగారు చెప్పారు. ఆవిడ బ్యాటుకి గుడ్డ సంచి తొడిగి అటక కింద ఆనించింది. పైన పెట్టడానికి స్టూలెక్కలేకపోయింది. నన్ను పెట్టమని అడగలేదు. నాకు ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. నేను తినని అన్నం ఎటు పోతుందో ఆ రోజు మొదటిసారి కళ్ళారా చూశాను. కాలు చాపుకుని పీట మీద కూర్చుని, నా కంచం దగ్గరికి లాక్కుని, ఆవిడే తింది.

ఆదివారం ఉదయం నేను లేచేసరికి హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. ఐదు కంచాలు. మధ్యలో ఇడ్లీ గిన్నె, చట్నీ గిన్నె. మంగతాయారు వాచిన కాలు దిండు మీద పెట్టుకుని ఒక కంచం ముందు కూర్చుని ఉంది. పిల్లల్నీ నన్నూ కూర్చోమంది. అప్పుడే వచ్చిన లింగమూర్తినీ కూర్చోమంది.

"పన్నెండే వేశానండి. ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకోండి. నాకు రెండు" అంది.

ఎవరు వడ్డిస్తారా అని మేం ముగ్గురం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత పూర్ణిమ గరిటె అందుకుంది. నాకు మూడొచ్చాయి. రెండున్నర తిన్నాక అలవాటు ప్రకారం చట్నీ అయిపోయింది. లేవబోయాను. మంగతాయారు తన కంచంలోంచి తలెత్తి నా సగం ఇడ్లీ వైపు చూసింది. నేను కూర్చుని ఆ సగం ఇడ్లీ చట్నీ లేకుండానే తిన్నాను. ఇరవై రెండేళ్ళుగా అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏమంత గొప్పగా లేదు. సిగ్గేసింది.

గిన్నె అడుగు కనబడుతోంది. లింగమూర్తి రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని, "మిగులు సున్నా అని రాస్తే మీకు నోటీసొస్తుందండి" అన్నాడు బిక్కమొహంతో. ఆయనకి వచ్చినవి రెండు ఇడ్లీలు. కడుపు బరువు లేకుండా లేవడం బాగుందని కూడా అన్నాడు. రాయమంది మా ఆవిడ. మిగతా పదకొండిళ్ళ వాళ్ళకీ ఈ సంగతి ఆవిడే కబురు పెట్టింది.

నోటీసు నాకే వచ్చింది. టైపు చేసింది నేను, పంపింది నేను, అందుకున్నట్టు సంతకం పెట్టింది నేను. వరసగా పద్నాలుగు రోజులు శూన్య మిగులు చూపినందున శాఖ సిబ్బంది అయివుండి పథకమును నీరుగార్చినట్లు ఎందుకు భావించరాదో సంజాయిషీ ఇవ్వాలి. విచారణకి విశ్వంభరంగారు స్వయంగా భోజనం వేళకి వచ్చారు.

మంగతాయారు ఆయనకీ చాప మీదే కంచం పెట్టింది. ఆయన కూర్చుని, వడ్డించేవాళ్ళ కోసం చుట్టూ చూశారు. గిన్నెలు మధ్యలోనే ఉన్నాయనీ, తీసుకోమనీ చెప్పింది. ఆయన గరిటె పట్టుకున్న తీరు చూస్తే అది ఆయన చేతికి కొత్తని తెలిసిపోయింది. దొండకాయ వేపుడు ఎక్కువ వేసుకున్నారు. అన్నం ఇంకా ఎక్కువ వేసుకున్నారు. తింటూ తింటూ మిగులు ప్రాముఖ్యతను గూర్చి సెలవిచ్చి, కంచంలో రెండు ముద్దలు వదిలి లేవబోయారు.

మంగతాయారు చాలా మర్యాదగా చెప్పింది. "తినేయండి సార్. అది తినడానికి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరండి."

విశ్వంభరంగారు కంచం వైపు చూశారు. మా ఆవిడ వైపు చూశారు. ఆవిడ అప్పటికే తన కంచం ఖాళీ చేసి కూర్చుని ఉంది. ఆయన మళ్ళీ కూర్చుని ఆ రెండు ముద్దలూ తిన్నారు. వెళ్ళేటప్పుడు విచారణ గురించి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఆఫీసులో నన్ను లోపలికి పిలిచి, తలుపు వేయమని, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఆ గిన్నెలు మధ్యలోనే పెడతారా, రోజూనా?" అని అడిగారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా వినడం నాకదే మొదలు.

నా సంజాయిషీ పదకొండుసార్లు చించి రాశాను. చివరికి మిగిలింది ఒక్క వాక్యమే. "సదరు పూటలందు మా ఆవిడ కూడా మాతోపాటు కూర్చుని తిన్నందువలన మిగలలేదు." అది పై ఆఫీసుకి వెళ్ళింది. పై ఆఫీసు దేన్నీ ఊరికే వదలదు. వారం తిరక్కుండా కొర్రీ వేసి ఫైలు వెనక్కి పంపింది. "అంతకుమునుపు సదరు ఇల్లాలు ఏ సమయమున, ఎచ్చట కూర్చుని భుజించెడివారో తెలుపవలెను."

నేను దాన్ని చదివి కలం మూత తీశాను. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో మూడు పూటలా తిన్న మనిషిని, ఆ సంగతి నాకు తెలియదు.

ఫైలు చంకలో పెట్టుకుని పోటీల దగ్గరికి వెళ్ళాను. మంగతాయారు అరవై తొమ్మిదీ పావు. వాపు పోయింది. మోకాలికి పట్టీ వేసుకుని ఆడుతోంది. మొదటి గేము వీళ్ళదే, రెండోది అవతలివాళ్ళు లాక్కున్నారు. మూడో గేముకి ముందు విరామంలో నీళ్ళు తాగడానికి వస్తే దగ్గరికెళ్ళి అడిగాను. ఇంతకుముందు నువ్వు ఎక్కడ కూర్చుని తినేదానివోయ్, ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు అన్నాను.

ఆవిడ నీళ్ళ సీసా మూత బిగిస్తూ నవ్వేసింది.

"కూర్చోవడమెక్కడండీ. నిలబడే."

అనేసి, బ్యాటు తీసుకుని కోర్టులోకి పరిగెత్తింది. పరిగెత్తడమే. మా ఆవిడ పరిగెత్తుతుండగా నేను పెళ్ళయ్యాక చూడలేదు. ఆ గేము రెండు పాయింట్లతో పోయింది. ఐదుగురూ ఓడిపోయిన వాళ్ళలా కాకుండా ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. లింగమూర్తి అంపైరు పక్కన నిలబడి, తన పన్నెండిళ్ళలో మూడిళ్ళ ఆడవాళ్ళు ఆ జట్టులో ఉన్నారన్న గర్వంతో చప్పట్లు కొట్టాడు. వాళ్ళావిడని కూడా వెంట తీసుకొచ్చాడు.

నేను అక్కడే స్కోరు బల్ల మీద ఫైలు తెరిచి రాశాను. "నిలబడి." కింద సంతకం పెట్టాను.

ఆ ఫైలు మా ఆఫీసులో తొమ్మిది బల్లల మీదుగా వెళ్ళింది. మామూలుగా అయితే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కొర్రీ పడుతుంది. ఈసారి తొమ్మిదిమందీ "చూచితిని" అని మాత్రం రాసి పంపించారు. విశ్వంభరంగారు కూడా అదే రాశారు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఏ బల్ల దగ్గరా మనిషి లేడు. అందరూ భోజనానికి ఇంటికి వెళ్ళారు.